అమ్మకు ఆధారం అడిగారు

మార్కాపురంలో మాది స్టీలు సామాన్ల కొట్టు. ఆ రోజు పెళ్ళిళ్ళ బేరం. పొదిలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మనవరాలి సారెకు గిన్నెలు ఏరుకుంటూ, ఒక్కో గిన్నెనూ వేలితో కొట్టి మోత వింటోంది. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. తీసి చూస్తే మెసేజి. 'మీ పేజీలో ఒక మార్పు జరిగింది' అని.

పేజీ అంటే మా వంశవృక్షంలో నా పేజీ. ఇది గోడకు తగిలించే పటం కాదు, ఇంటర్నెట్‌లో ఉండేది. మా చుట్టాలందరం కలిసి రాసుకుంటున్నాం. ఎవరి ఫోనులో వాళ్ళు తెరిచి తమకు తెలిసిన పేర్లు చేర్చవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. ఏం మార్పబ్బా అనుకుంటూ తెరిచాను. నా పేరు ఉంది. నాయన పేరు ఉంది. తల్లి అన్న చోట మాత్రం నేను రాసిన పేరు లేదు. మా పిన్ని పేరు ఉంది.

కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాను. అదే పేరు. "ఏందమ్మా, ఈ గిన్నె మందం తక్కువుండాదే" అంటోంది పెద్దావిడ. మాట చెవిన పడుతోంది గాని బుర్రకెక్కడం లేదు. మా ఆయన లోపలి నుంచి వచ్చి బేరం అందుకున్నాడు. నేను వెనక్కి వెళ్ళి స్టూలు మీద కూలబడ్డాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పిన్ని అని రాస్తున్నది నన్ను పెంచినామెను. జన్మలో నేను ఆమెను పిన్ని అని పిలిచి ఎరగను. అమ్మా అనే పిలుస్తాను. చదివేవాళ్ళు తికమక పడకూడదని ఇక్కడ మాత్రం పిన్ని అంటున్నాను. అది రాస్తుంటే కూడా ఆమె వెనక నిలబడి చూస్తున్నట్టు చేతికి జంకుగానే ఉంది.

నన్ను కన్న తల్లి నా పురుట్లోనే పోయింది. గిద్దలూరులో, అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో. ఏడాది తిరక్కముందే ఆమె చెల్లెల్ని మా నాయనకిచ్చి చేశారు. పసిబిడ్డ పరాయిదాని చేతిలో పడకూడదని అప్పట్లో చాలా ఇళ్ళలో అలాగే చేసేవాళ్ళు. పిన్నికి అప్పటికి చీర కుచ్చిళ్ళు పోసుకోవడం కూడా సరిగా రాదట. తర్వాత ఆమెకు నా తమ్ముడు పుట్టాడు. వాడికీ నాకూ ఏనాడూ తేడా చూపలేదు. ఇంకా మాట్లాడితే, వెన్న కాచిన గిన్నెలో అడుగంటిన గోకుడు నాకే పెట్టేది, వాడు కాళ్ళు నేలకేసి కొట్టి ఏడ్చినా సరే.

నాకు ఈ సంగతి చెప్పింది అమ్మమ్మ. ఒకసారి సెలవులకు వెళితే తల దువ్వుతూ, "మీయమ్మ జుట్టు కూడా ఇట్లే, దువ్వెన దిగేది కాదు" అంది. "అమ్మది పలచగా ఉంటది గదా" అన్నాను నేను. అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇక చెప్పక తప్పలేదు ఆమెకు. మా అమ్మ పేరు అప్పుడే నాకు మొదటిసారి తెలిసింది. అంతా చెప్పి, "మీయమ్మ కాడ ఈ మాట ఎత్తొద్దు, దాని ప్రాణం ఉసూరుమంటది" అంది. ఎత్తలేదు. మా ఇంట్లో అప్పటి పెద్దలందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు, పిన్ని తప్ప వాళ్ళలో ఇప్పుడెవరూ లేరు. నాయన కూడా పోయేదాకా ఒక్క మాట అనలేదు. ఆమెకు ఫోటో లేదు, తద్దినం పెట్టడం నేను చూడలేదు.

అలాంటి మనిషికి ఈ లోకంలో కాస్త చోటంటూ ఉంటే అది నేను ఫోనులో రాసిన చిన్న పెట్టె. పేరు, 'గిద్దలూరు ఆడపడుచు, మార్కాపురం కోడలు' అని, కింద గీత, ఆ గీత చివర నేను. పిన్ని ఫోను చూడదు, కాబట్టి ఆమె మనసు కష్టపడే ప్రశ్నే లేదనుకున్నాను. రాసిన రోజు అంట్లు కూడా తోమకుండా దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇంత వయసొచ్చి ఫోను చూసి ఏడుస్తున్నావేందని మా ఆయన వేళాకోళం చేశాడు. ఇప్పుడా పెట్టె లేదు.

ఈ వంశవృక్షం మొదలుపెట్టింది మా పెదనాయన మనవడు. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం. నాకు మేనల్లుడి వరస, అత్తా అత్తా అని ప్రాణం పెడతాడు. మంచి పిల్లాడే. మొదట్లో ఎవరికి తోచింది వాళ్ళు రాసుకునేవాళ్ళం. అంతలో కనిగిరిలో ఉండే దూరపు బాబాయి వరసాయన ఒకాయన, మన పూర్వీకులు ఫలానా రాజుగారి దగ్గర కోశాధికారులు అని రాసి పారేశాడు. రాజుగారికి, మా తాతకి మధ్య ఏవో పేర్లు కూడా పుట్టించాడు. మా తాత సంతల్లో ఉప్పూ బెల్లమూ అమ్మినవాడు. నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. చుట్టాల వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ, "ఆధారం ఏంది బాబాయ్? రాజుగారు నీకు కలలో చెప్పినాడా?" అని అడిగేశాను. గ్రూపంతా పకపకలు. ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయాడు, మళ్ళీ బతిమాలి తెచ్చుకున్నాం.

అప్పుడు మేనల్లుడు ఒక రూలు పెట్టాడు. ఏ పేరు చేర్చినా, ఏ బంధుత్వం రాసినా ఆధారం చూపాలి. కాగితమో, అచ్చయిన కార్డో, ఫోటోనో. అదీ లేకపోతే కళ్ళారా చూసిన మనిషి చెప్పిన మాట రికార్డు చేసి పెట్టాలి. ఎవరైనా అభ్యంతరం చెబితే గడువిస్తారు. గడువులోగా ఆధారం రాకపోతే తీసేస్తారు. భేష్ అన్నాను. ఆ రూలుకు అందరికన్నా ముందు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది నేనే.

వాడికి ఫోను చేశాను. "ఏరా, నా తల్లిని తీసేసినారంట?"

"నేను తియ్యలేదత్తా. కనిగిరి తాత అబ్జెక్షన్ పెట్టినాడు, ఆధారం లేదని. నీకు మెసేజిలు పోయినాయి, నువ్వు చూసుకోలేదు. గడువు అయిపోయింది, అదే పోయింది."

"పోతే పోయె, ఆడ అమ్మ పేరు ఎట్ల వచ్చింది?"

"దానికి ఆధారం ఉంది గదత్తా. నీ పెళ్ళి శుభలేఖ. ఆయనే ఫోటో తీసి పెట్టినాడు. దంపతుల ఏకైక కుమార్తె అని అచ్చయ్యుంది. మీ పాత రేషన్ కార్డు కూడా ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. శుభలేఖలో మరేమని వేయిస్తారు? ఫలానావారి మొదటి భార్య కుమార్తె అని వేయిస్తారా? వియ్యాలవారు చదువుకునే కార్డులో ఇంటి కథంతా రాస్తామా? అదంతా వాడి మీద కుమ్మరించాను. వాడు ఓపిగ్గా విన్నాడు.

"నాకు తెలుసత్తా. కానీ నీ తరఫున ఏం పెట్టాలి చెప్పు."

"నా మాట చాలదా?"

"నువ్వు చూసినావా?"

"నేను పుట్టేది నేనెట్ల చూస్తానురా?"

వాడు మెల్లగా అన్నాడు, "అదే నేననేది. నీకు మీ అమ్మమ్మ చెప్పింది. ఆమె లేదు. విన్న మాటను ఒప్పుకుంటే రేపు కనిగిరి తాత రాసిన రాజుగారు కూడా మళ్ళీ వచ్చి కూచుంటాడు. ఆ తాత ఒకటే మాట పట్టుకున్నాడు, రూలు అందరికీ ఒకటే అని."

వాడు చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏముంది? ఆ ముసలాయన నా మీద కసి తీర్చుకుంటున్నాడని నాకు తెలుసు, వాడికీ తెలుసు. కాని అడిగింది న్యాయంగానే అడిగాడు. ఫోను పెట్టేసి, కొట్టులో అనవసరంగా పనిపిల్ల మీద కేకలేశాను.

సరే, ఆధారమే కదా, తెస్తాను అనుకున్నాను. మా వంటింట్లో అటక మీద, నాయన ఇంటి నుంచి నాతో వచ్చిన ఒక ఇత్తడి బిందె ఉంది. దాని మెడ కింద మా అమ్మ పేరు, గిద్దలూరు అని చెక్కి ఉంది. చింతపండు వేసి తళతళలాడేలా తోమి, ఫోటో తీసి పంపాను. మేం గిన్నెలమ్మేవాళ్ళం, మా కొట్టు ముందు రోజూ పేర్లు కొడుతూనే ఉంటారు. పెళ్ళికాని పిల్ల పేరు బిందె మీద ఎవరూ కొట్టించరు. సారె పెట్టేటప్పుడే కొట్టిస్తారు. ఇదంతా వాడికి విడమరిచి చెప్పాను.

"అది నీకు తెలిసిన సంగతి అత్తా, ఆధారం కాదు. ఆ పేరు గల మనిషికి ఒక బిందె ఉండిందని మాత్రం తెలుస్తుంది. అక్క బిందె చెల్లెలి సారెలో వచ్చుండొచ్చు గదా అంటున్నాడు తాత."

మా కొట్టులోనే ఒకరి పేరుకు బదులు ఇంకొకరి పేరు కొట్టిన గిన్నెలు మూటెడు పడి ఉన్నాయి.

మరణం నమోదై ఉంటుందేమోనని గిద్దలూరు వెళ్ళి ఆఫీసులో అడిగాను. అప్పట్లో మా తాలూకాలు కర్నూలు జిల్లా కింద ఉండేవి, అంత పాత దస్త్రాలు ఇక్కడ లేవన్నారు. కర్నూలులో తెలిసినాయన ఒకరుంటే ఆయన చేత వెతికించాను. పాపం ఆయన వెతికాడు కూడా. "ఇంట్లో పోయినోళ్ళను ఇంట్లోవాళ్ళు రాయించకపోతే రికార్డుల్లో ఎట్ల ఉంటారమ్మా" అన్నాడు. ఎవరు రాయించి ఉంటారు? ఒకవైపు శవం, ఒకవైపు పాలకు గుక్కపట్టిన పసిగుడ్డు. ఎవరికి తోస్తుంది ఆ పని?

ఇంకొక్కటి మిగిలింది నాకు. పిన్ని మెడలో తాళితో పాటు ఒక చిన్న బంగారు బిళ్ళ ఉండేది. దాని మీద ఆడమనిషి రూపం. దాన్ని సవతమ్మ బిళ్ళ అంటారు. మొదటి భార్య పోతే, రెండో భార్య ఆమె పేర అది చేయించుకుని మెళ్ళో వేసుకోవాలి, పండగొస్తే దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొత్త చీర ముందు దానికి చూపించాలి. పిన్ని ఎప్పుడూ దాన్ని పమిట కిందే ఉంచుకునేది. చిన్నప్పుడు దాన్ని పట్టుకుని ఆడుకోబోతే నా వేళ్ళు విడదీసి లోపలికి వేసుకునేది. మొదటి భార్య లేకపోతే ఆ బిళ్ళ ఎందుకుంటుంది? దీనికేమంటాడో చూస్తాను అనుకున్నాను.

పిన్ని ఉండేది గిద్దలూరులో, అమ్మమ్మ వాళ్ళ పాత ఇంట్లోనే, మా తమ్ముడి దగ్గర. వాడికి ఫోను చేశాను. "నాయన పోయినాక అమ్మ తాళి తీసినారు గదా, దాంతో పాటు ఒక చిన్న బిళ్ళ ఉండె. యాడుంది?"

"అదా? లక్ష్మీదేవి బిళ్ళ అనుకున్నానక్కా. అప్పుడే కరిగించి పాపకు కమ్మలు చేయించినాం."

పాత ఫోటోలన్నీ ముందేసుకుని భూతద్దంతో వెతికాను. ప్రతి ఫోటోలోనూ పిన్ని పమిట నిండుగా కప్పుకునే ఉంది.

చేతులెత్తేశానని మేనల్లుడికి చెప్పాను. వాడికీ నా మీద జాలేసినట్టుంది. "అత్తా, ఒక దోవ ఉంది" అన్నాడు. "గిద్దలూరు అవ్వ ఉంది గదా. మీ అమ్మకు స్వయానా చెల్లెలు. పురుడు ఆ ఇంట్లోనే జరిగిందంటున్నావు, కళ్ళారా చూసుంటుంది. ఆమె ఒక్క మాట చెప్తే చాలు. నేను వీడియో కాల్‌లో అడుగుతాను, రికార్డు చేసి పెడతాం. కనిగిరి తాత కూడా ఇంగ కిక్కురుమనడు."

జన్మంతా మా ఇద్దరి మధ్యా రాని మాట అది. వద్దందామనే నోరు తెరిచాను. కాని వద్దంటే అమ్మ ఇక ఎక్కడా ఉండదు. ఈ భూమి మీద ఆమెను చూసిన కళ్ళు అవి రెండే మిగిలాయి. ఆ కళ్ళకూ వయసైపోయింది. సరేనన్నాను.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కాను. కంభం దాటేదాకా పిన్నితో ముందుగా ఎలా మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. తీరా వెళ్ళాక, "ఎండన పడి వచ్చినావే, మజ్జిగ తాగు" అని ఆమె గ్లాసు చేతికిస్తే, కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. అప్పటికే తమ్ముడు, "బెంగళూరు పిల్లోడు నీతో పాత సంగతులు మాట్లాడతాడంటమ్మా" అని చెప్పి ఉంచాడు. ఆమె నావైపు ఒకసారి చూసింది. ఏమీ అడగలేదు.

అన్నాలయ్యాక వసారాలో కూర్చున్నాం. పిన్ని ముందు చాటలో చింతపండు, పిక్కలు తీస్తోంది. తమ్ముడు ఫోనును డబ్బాకు ఆనించి నిలబెట్టి, కాల్ కలిపాడు. నేను పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాను.

మేనల్లుడు పద్ధతిగా అడిగాడు. పేరు, అమ్మానాయనల పేర్లు, ఊరు. ఆమె అన్నీ చక్కగా చెప్పింది.

"తోడబుట్టినోళ్ళు ఎంతమంది అవ్వా?"

"ఇద్దరమే. మా అక్క, నేను. మాకు మొగపిల్లోళ్ళు లేరు. మా అక్క చిన్నప్పుడే పోయింది."

"చిన్నప్పుడే అంటే? పెళ్ళయినాకనా అవ్వా?"

పిన్ని చింతపండు వదిలి నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. నన్ను ఏదో బతిమాలుతున్నట్టుంది. తర్వాత ఫోను వైపు తిరిగి, "లేదు నాయనా. పెళ్ళి కాలేదు" అంది.

తమ్ముడు నావైపు చూశాడు. వాడికీ సంగతి తెలుసు.

మేనల్లుడు మళ్ళీ అడిగాడు. "మరి, మా మార్కాపురం అత్త?"

"అదా? అది నా బిడ్డే. నేనే కన్నాను."

అంతటితో ఆగినా బాగుండేది. వాడు ఊరుకోకుండా, "ఆ పొద్దు ఎట్ల జరిగిందో గుర్తుందా అవ్వా?" అని అడిగాడు.

"గుర్తు లేకుండా ఎట్ల పోతాది? ఈ ఇంట్లోనే. పొద్దున్నే పట్టుకున్నాయి నొప్పులు. ఇట్లనే చింతపండు ఎండబోసుకున్నాం. వాన పట్టుకుంటే ఎత్తేవాళ్ళు లేక అంతా తడిసిపాయె. బిడ్డ అడ్డం తిరిగిందనింది మంత్రసాని. మాయమ్మ ఇంట్లో పెట్టెల తాళాలన్నీ తీసిపెట్టింది, నా జడ విప్పింది. ఏ ముడీ ఉండగూడదంట. నేను అరిసినా అరిసినా, గొంతు పోయింది. మా చెల్లెలు నా కాళ్ళ కాడ కూచోని ఒకటే ఏడుపు. దాన్ని బయటికి పంపీండే అన్నా. అది పోలేదు."

మా చెల్లెలు అంది. ఆమెకు చెల్లెలు లేదు. తాము ఇద్దరేనని అంతకుముందే చెప్పింది. ఆ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చిన పిల్ల ఎవరో నాకు తెలిసింది. మేనల్లుడు పసిగట్టలేదు, తమ్ముడూ పసిగట్టలేదు. నేను వింటున్నది మా అమ్మ పురుడు. ఇన్నేళ్ళుగా ఎవరూ నాకు చెప్పని పురుడు. పిన్ని అదంతా తన మీద వేసుకుని చెబుతోంది.

"అప్పుడు అవ్వా?"

"అప్పుడేముంది, పుట్టింది. బిడ్డను మొహం కాడికి తెచ్చి చూపించినారు. చూసినా. ముక్కు మా నాయన ముక్కే. అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది."

ఆమె మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది. "ఇంగ చాలు నాయనా. అలుపొస్తాంది" అంది. మేనల్లుడు నమస్కారం చెప్పి పెట్టేశాడు.

తమ్ముడు నా ముఖం చూడలేక, కొట్టుకు పోయొస్తానని చెప్పులేసుకున్నాడు. ఇద్దరమే మిగిలాం. ఎలాగో అడిగాను.

"ఎందుకమ్మా అట్ల చెప్పినావు?"

పిన్ని చాట పక్కకు జరిపి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "నొప్పులు పడతానే మా అక్క నా చెయ్యి పట్టుకునింది. నాకేమన్నా అయితే నా బిడ్డను తల్లి లేని పిల్ల అని ఎవరూ అనగూడదు, నీ బిడ్డే అని చెప్పు అనింది. ఒట్టు పెట్టించుకునింది. నాకేం తెలుసు అప్పుడు? ఊ అన్నాను. ఆ పొద్దు నుంచి ఎవరడిగినా ఒకటే మాట. ఈ పొద్దు ఫోను అడిగిందని మార్చేదా?"

"అక్కకు పెళ్ళే కాలేదన్నావు గదమ్మా."

"అయిందంటే వాడు అడగడా, పిల్లలెంతమంది అని?" అంది. తర్వాత, "నీకు తెలుసని నాకు తెలుసులే. మాయమ్మ నోట్లో నువ్వు గింజ నానేది కాదు. ఇంతకాలం నువ్వు నా కాడ ఎత్తలేదు, నాకదే చాలు. ఇంగ ఎత్తొద్దే" అంది.

సరేనమ్మా అన్నాను.

సాయంత్రం రైల్లో ఉండగానే మేనల్లుడి మెసేజి వచ్చింది. 'సారీ అత్తా, నువ్వనుకున్నట్టు రాలేదు. కానీ రూలు ప్రకారం ఇంత గట్టి ఆధారం మన వృక్షంలో ఇంకెవరికీ లేదు. నీకు అభ్యంతరం ఉంటే రాయి, గడువుంది' అని. వీడియో పెట్టిన కాసేపటికే చుట్టాలంతా చూశారు. అవ్వ ఎంత చక్కగా చెప్పిందో అని దండాలు, పువ్వులు. కనిగిరి బాబాయి కూడా ఒక దండం పెట్టాడు. నాకు ఆ బాబాయిని, ఈ మేనల్లుణ్ణి, ఆ ఫోనునూ కలిపి రైలు కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

అభ్యంతరం రాయడానికి నా దగ్గర ఆధారం ఉంది. ఆ వీడియోలోనే ఉంది. ఇద్దరమే అన్న మనిషికి చెల్లెలు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్క ముక్క రాస్తే చాలు. రోజూ కొట్టు కట్టేసేముందు ఫోను తీసి ఆ ఒక్క ముక్కా రాసేదాన్ని, మళ్ళీ చెరిపేసేదాన్ని. పంపితే ఏమవుతుంది? చుట్టాలంతా ఆ వీడియో మళ్ళీ పెట్టుకుని, ముసలిది ఎక్కడ దొరికిపోయిందా అని చూస్తారు. ఒక చచ్చిపోతున్న మనిషికిచ్చిన మాటను చిన్నపిల్ల ఒకతె ముసలిదయ్యేదాకా మోసింది. దాన్ని నేను అబద్ధమని రుజువు చేయాలి. చేయకపోతే మా అమ్మ పోతుంది. చేసినా, అమ్మ కోరినదాన్నే నేను తుడిచేసినట్టవుతుంది. ఎటు తిరిగినా ఇద్దరిలో ఒక తల్లికి ద్రోహం చేసేది నేనే. పోనీ ఎవరినైనా సలహా అడుగుదామంటే, అడగదగ్గ మనిషి ఆమె ఒక్కతే. మా ఆయన మాత్రం, "నీ పేరుంది, నేనున్నాను, ఇంకేం కావాలే" అన్నాడు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

గడువు దాటిపోయింది. ఇప్పుడు మా అమ్మ ఆ వృక్షంలో ఉంది. అమ్మమ్మ కింద, పిన్ని పక్కన. 'అవివాహిత' అని రాసి ఉంది. ఆమె కింద గీత లేదు. ఆ పెట్టె మీద వేలు పెడితే ఆమె నాకు ఏమవుతుందో దానంతటదే చూపిస్తుంది. 'మీ పెద్దమ్మ' అని.

ఆ వీడియో నా ఫోనులో ఉంది. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు చెవికి ఆనించుకుని వింటాను. గొంతు పోయేలా అరిచింది అమ్మ అని తెలుసు. జడ విప్పించుకుంది అమ్మ. చెల్లెల్ని బయటికి పంపమంది అమ్మే. అక్కడిదాకా నాకు ఏ అనుమానమూ లేదు. ఆ తర్వాత ముక్క దగ్గరే ఆగిపోతాను. బిడ్డను మొహం దగ్గరికి తెచ్చి చూపిస్తే చూసింది, నవ్వింది అంటుంది పిన్ని. ఎవరు చూశారు? అమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్విందా? లేక అప్పటికే అమ్మకు తెలివి లేకపోతే, కాళ్ళ దగ్గరున్న చెల్లెలు లేచి వచ్చి చూసి నవ్విందా? నాకు వృక్షం వద్దు, పెట్టె వద్దు. అది ఒక్కటి తెలిస్తే చాలు. తెలిసిన మనిషి ఉంది, రైలెక్కితే మధ్యాహ్నానికి ఆమె ముందుంటాను.

మొన్న వెళ్ళాను కూడా. ఉన్నంతసేపూ అడుగుదామనే ఉన్నాను. స్టేషనుకు బయలుదేరుతుంటే వాకిలి దాకా వచ్చి, నా సంచిలో చింతపండు పొట్లం కుక్కింది. ఆటో ఎక్కినదాన్ని మళ్ళీ దిగి, ఆమె ముందు నిలబడ్డాను.

"ఏందే?" అంది. "ఏమన్నా మర్చిపోయినావా?"

"ఏం లేదమ్మా" అన్నాను.